ఇంగ్లిష్ బ్రేక్‌ఫస్ట్ టీ స్ట్రాంగ్‌గా రావాలంటే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి ఎంచుకున్న ఉత్తరాలన్నీ ఒకే విషయం మీద: పొద్దున ఫలహారంతో ఇంగ్లండు పద్ధతిలో తాగే స్ట్రాంగ్ టీ. పాలు, నీళ్లు, పొడి, చక్కెర కలిపి స్టవ్ మీద మరిగించే మన టీ వేరు. ఇక్కడ మసిలే నీళ్లను ఆకు మీద పోసి, మూతపెట్టి దిగనిచ్చి, వడగట్టి, చివర్లో కాసిని పాలు కలుపుకుంటారు. పాలు లేకుండా తాగేవాళ్లూ ఉన్నారు.

ప్రశ్న: లీడ్స్ నుంచి మా అమ్మాయి ఇంగ్లిష్ టీ పొడి తెచ్చింది. గిన్నెలో వేసి ఐదు నిమిషాలు మరిగించి, రెండు చెంచాల పాలు కలిపితే నోట్లో పెట్టుకోలేనంత చేదు. పొడి తగ్గిస్తే నీళ్లలా ఉంటోంది. అక్కడికి వెళ్లినప్పుడు తాగిన టీ బాగా స్ట్రాంగ్‌గా ఉండి కూడా చేదు లేదు. తేడా ఎక్కడుంది?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: పొడిలో లోపం లేదండీ, మరిగించడం వల్లే ఆ చేదు. మన టీలో సగానికి సగం పాలు పడతాయి, చక్కెర కూడా ఉంటుంది. పాలలోని ప్రొటీన్లు టీలోని వగరు పదార్థాలను పట్టేసుకుంటాయి కాబట్టి ఎంతసేపు మరిగించినా నాలుకకు తెలియదు. ఇంగ్లిష్ టీలో కప్పుకు పడేవి రెండు పెద్ద చెంచాల పాలే. ఐదు నిమిషాలు మరిగిన డికాషన్ వగరును ఆ కాసిని పాలు కప్పలేవు. పైగా మరిగేకొద్దీ సువాసన ఆవిరితో పోయి, చేదూ వగరే మిగులుతాయి.

టీ స్ట్రాంగ్‌గా కావాలంటే ఆకు పెంచండి, సమయం పెంచకండి. ఇంగ్లిష్ టీలో ముఖ్యమైన సంగతి ఇదే, మిగతావన్నీ దీని వెనకే వస్తాయి.

రెండు పెద్ద కప్పులకు కొలత చెబుతాం. నీళ్లు 500 మి.లీ., ఆకు 11 గ్రాములు. గ్రాముల త్రాసు ఉంటే తూచుకోండి, ఎందుకంటే చెంచా మోసం చేస్తుంది. టీ చెంచాకు తలకొట్టి కొలిస్తే సీటీసీ గుళికలు (యంత్రంలో నలిపి గుళికలుగా చేసిన టీ) సుమారు రెండున్నర గ్రాములు తూగుతాయి, విరిచిన ఆకు రెండు గ్రాములు, పొడుగాటి ఆకు ఇంకా తక్కువ. అంటే గుళికలైతే నాలుగు చెంచాల పైన, విరిచిన ఆకైతే ఐదున్నర చెంచాలు. చూడటానికి ఎక్కువనిపిస్తుంది, చేయి వెనక్కి లాగకండి.

అప్పుడే పట్టిన నీళ్లను కెటిల్‌లోగానీ గిన్నెలోగానీ పెట్టండి. నీళ్లు కాగుతుండగానే పింగాణి టీపాట్‌లో కాసిని వేడినీళ్లు పోసి, తిప్పి, పారబోయండి. చల్లటి పింగాణి మసిలే నీళ్ల వేడిని చటుక్కున లాగేస్తుంది, ఈ జాతి టీకి ఆ వేడే కావాలి. ఇప్పుడు ఆకు వేయండి. నీళ్లు బుడబుడమని తెర్లుతున్నప్పుడే, స్టవ్ దగ్గరకే పాట్ తెచ్చి పోయండి. కెటిల్ ఆగిపోయాక ఫోన్ చూసుకుని వచ్చి పోస్తే ఆ నీళ్లు గ్రీన్ టీకి పనికొస్తాయి గానీ దీనికి కాదు. మూతపెట్టి, ఒక నిమిషం తర్వాత ఒక్కసారి చెంచాతో కలిపి, మళ్లీ మూతపెట్టండి. గుళికలైతే మొత్తం 3 నిమిషాలు, విరిచిన ఆకైతే 4, పొడుగాటి ఆకైతే 5. ఫోన్‌లో టైమర్ పెట్టుకోండి. సమయం కాగానే మొత్తం వడగట్టేయాలి.

తెల్లటి కప్పులో పోసి చూడండి. లోపల ముదురు ఎరుపు, కప్పు అంచుకు తాకే చోట బంగారు రంగు గీత కనిపించాలి. పాలు కలిపాక రంగు ఇటుకరాయిలా మెరవాలి. బూడిద రంగు కలిసిన గోధుమ రంగు వచ్చిందంటే నీళ్ల వేడి చాలలేదో, ఆకు పాతదో, పాలు ఎక్కువయ్యాయో, ఈ మూడింటిలో ఒకటి.

టీపాట్ లేకపోతే ఇంట్లో ఉన్న మూత గిన్నె చాలు. నీళ్లు మరిగాక స్టవ్ కట్టేసి, ఆకు వేసి, మూతపెట్టి, టైము చూసి వడగట్టండి. గిన్నె వేడిగానే ఉంటుంది కాబట్టి దాన్ని విడిగా వేడి చేసుకునే పని కూడా తప్పుతుంది. బజార్లో దొరికే గుండ్రటి జాలీ బంతులు మాత్రం కొనకండి. ఆకు నానితే నాలుగైదింతలు ఉబ్బుతుంది. ఆ బంతిలో దానికి చోటు చాలక నడుమ ఆకు సరిగా నానదు, మీరేమో పొడి మంచిది కాదనుకుంటారు.

ప్రశ్న: మన దగ్గర దొరికే పొడితో ఈ టీ చేసుకోవచ్చా? ఇంగ్లిష్ బ్రేక్‌ఫస్ట్ అని రాసిన డబ్బాలు చాలా ఖరీదు. వాటిలో ఉండేదేమిటి?
– కరీంనగర్ నుంచి ఒకరు

జవాబు: ఇంగ్లిష్ బ్రేక్‌ఫస్ట్ అనేది ఒక తోటలో పండే టీ కాదు, మిశ్రమం. సాధారణంగా అస్సాం, శ్రీలంక, కెన్యా టీలు కలుపుతారు, కొందరు చైనా కీమన్ కూడా చేరుస్తారు. అస్సాం వల్ల టీకి నిండుదనం, మొలకెత్తిన ధాన్యం వేయించిన వాసన వస్తాయి. కెన్యాతో మెరిసే రంగు వస్తుంది. శ్రీలంక టీ నాలుకను మేల్కొలిపే చురుకుదనాన్ని ఇస్తుంది, టీ రుచి చూసే నిపుణులు దాన్నే బ్రిస్క్ అంటారు. ఐరిష్ బ్రేక్‌ఫస్ట్ అని రాసినదాంట్లో అస్సాం ఆకు వాటా ఎక్కువ, కాబట్టి ఇంకాస్త దిట్టంగా ఉండి మరికొన్ని పాలను తట్టుకుంటుంది. ఎర్ల్ గ్రే వేరే దారి. అందులో బెర్గమాట్ అనే నారింజ జాతి పండు తొక్క నూనె ఉంటుంది. సాయంత్రానికి బాగుంటుంది, ఇడ్లీ సాంబారు పక్కన మాత్రం పొసగదు.

ఈ మిశ్రమానికి వెన్నెముక మన దేశపు ఆకే. గుళికలుగా చేసే సీటీసీ పద్ధతి కూడా 1930లలో అస్సాం తోటల్లో పుట్టినదే: ఆకును పళ్లున్న రోలర్ల మధ్య నలిపి, చింపి, చుట్టేస్తారు. ముక్కలు చిన్నవి కావడంతో రంగు, ఘాటు త్వరగా దిగుతాయి. అందుకే ఖరీదైన డబ్బా అక్కర్లేదు. ప్యాకెట్ మీద అస్సాం అని, వీలైతే సెకండ్ ఫ్లష్ అని ఉన్నది చూడండి. మే, జూన్ నెలల్లో కోసే ఆ ఆకుకు నిండుదనం ఎక్కువ. గ్రేడు రాసి ఉంటే ఆకు టీలో బీఓపీ (విరిచిన ఆకు), గుళికల్లో బీపీ (కాస్త పెద్ద గుళికలు) తీసుకోండి. డస్ట్ అని ఉన్న సన్నటి పొడి వద్దు. అది మన స్టవ్ టీకి చక్కగా పనిచేస్తుంది గానీ ఇక్కడ రెండు నిమిషాలకే వగరెక్కి, జాలిలోంచి జారి కప్పు అడుగున బురదలా పేరుకుంటుంది.

ఇంట్లో కలుపుకోవాలంటే మూడొంతులు అస్సాం గుళికలు, ఒక వంతు నీలగిరి విరిచిన ఆకు. నీలగిరి టీ శ్రీలంక టీకి దగ్గరగా, తేటగా, సువాసనతో ఉంటుంది, ధర కూడా అందుబాటులోనే ఉంటుంది. రెండు రకాల టీలు కలిపిన డబ్బాలో బరువైన గుళికలు అడుక్కి చేరి తేలికైన ఆకు పైకి వస్తుంది. తీసేముందు డబ్బాను బోర్లించి నాలుగుసార్లు తిప్పకపోతే మొదటి వారం పలచటి టీ, చివరి వారం ఘాటు టీ తాగుతారు. ఈ మిశ్రమానికి 3 నిమిషాల 30 సెకన్లు సరైన సమయం.

విడిగా అమ్మే పొడి కొంటుంటే ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ చెప్పిన తేలికైన పరీక్ష ఒకటుంది. వడపోత కాగితం మీద కాస్త పొడి పరిచి, నీళ్లు చిలకరించి తడపండి. తర్వాత పొడి తీసేసి, కాగితాన్ని కుళాయి కింద కడిగి వెలుతురులో చూడండి. మరకలు మిగిలితే రంగు కలిపినట్టు.

ప్రశ్న: మాది బోరు నీళ్లు. టీ పోసిన రెండు నిమిషాలకే పైన నూనె తేలినట్టు పొర వస్తోంది, కప్పు గోడకు నల్లగా అంటుకుంటోంది. పొడిలో కల్తీయా?
– హైదరాబాద్, మియాపూర్

జవాబు: కల్తీ కాదు. ఆ తెట్టు నీళ్లలోని కాల్షియం వల్ల వచ్చేది. కాల్షియం, బైకార్బొనేట్లు ఎక్కువున్న నీళ్లలో టీ పదార్థాలు గాలి తగిలి, నీటి పైతలంలో పొరకడతాయి. పాలు కలిపితే ఇంకాస్త పెరుగుతుంది. అదే నీళ్లలో టీ రంగు మసకబారి, చురుకుదనం పోయి, సుద్ద రుచి వస్తుంది.

ఆర్‌ఓ ఫిల్టర్ నీళ్లు వాడండి. అయితే ఆర్‌ఓ యంత్రం నీళ్లలోని లవణాలన్నీ లాగేస్తే టీ చప్పగా, డొల్లగా ఉంటుంది. యంత్రానికి టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల లెక్క) సర్దే స్క్రూ ఉంటే 50 నుంచి 150 మధ్య ఉండేలా మెకానిక్‌తో పెట్టించండి. లేదంటే ఆర్‌ఓ నీళ్లు మూడు వంతులు, మామూలు తాగునీళ్లు ఒక వంతు కలిపి ప్రయత్నించండి. మున్సిపాలిటీ మంచినీళ్లు వచ్చే ఇళ్లలో ఈ బెడద చాలావరకు ఉండదు. క్లోరిన్ వాసన ఉంటే ముందురోజు రాత్రి మూతలేని బిందెలో పట్టి ఉంచితే కొంత తగ్గుతుంది.

నీళ్లు మార్చే వీలు లేకపోతే ఆకు కాస్త పెంచండి. టీకి స్వతహాగా ఉండే పులుపు స్ట్రాంగ్‌గా పెట్టినప్పుడు పెరిగి, తెట్టు తగ్గుతుంది. పాలు లేకుండా తాగేవాళ్లయితే నాలుగు చుక్కల నిమ్మరసం వేస్తే తెట్టు మాయమవుతుంది, రంగు కూడా తేలికపడుతుంది. నిమ్మరసం వేసిన కప్పులో పాలు పోయకూడదని వేరే చెప్పక్కర్లేదు, విరిగిపోతాయి.

ప్రశ్న: పాలు ముందు పోయాలా, టీ ముందు పోయాలా? పాలు కాచినవా, పచ్చివా? మేం గేదె పాలు వాడతాం, టీ పైన మీగడ తేలి జిడ్డుగా ఉంటోంది.
– భీమవరం నుంచి

జవాబు: ముందు వెనకల మీద ఇంగ్లండులో తరాల తరబడి వాదన నడుస్తూనే ఉంది. 2003లో అక్కడి రాయల్ సొసైటీ ఆఫ్ కెమిస్ట్రీ పాలు ముందు పోయడానికే ఓటు వేసింది. వేడి టీలో పాలు కొద్దికొద్దిగా పడితే ప్రతి చుక్కా ఎక్కువ వేడికి గురై ప్రొటీన్లు చెదురుతాయనీ, పాల మీద టీ పోస్తే వేడి మెల్లగా ఎక్కుతుందనీ వాళ్ల కారణం. టీపాట్ నుంచి పోసుకుంటే అలా చేయవచ్చు. మా మటుకు మాకు టీ ముందే మేలు. పాలు ఎంత కావాలో రంగు చూసి పోసుకోవచ్చు, మొదట్లో ఆ అంచనా ముఖ్యం. టీ బ్యాగు కప్పులోనే వేసుకునేవాళ్లు మాత్రం పాలు ముందు పోయనే కూడదు. నీళ్ల వేడి పడిపోయి ఆకు దిగదు.

కొలత 200 మి.లీ. కప్పుకు 25 నుంచి 30 మి.లీ., అంటే రెండు టేబుల్ స్పూన్లకు మించకుండా. గేదె పాలలో వెన్న ఎక్కువ, టీ రుచిని మొత్తం కప్పేస్తుంది. ఆవుపాలు గానీ 3 శాతం వెన్న ఉండే టోన్డ్ పాలు గానీ దీనికి సరిపోతాయి. గేదె పాలే ఉంటే ఒక పొంగు రానిచ్చి, ఫ్రిజ్‌లో చల్లార్చి, మీగడ కట్టాక పూర్తిగా తీసేసి, మిగిలిన పాలను పలచటి గుడ్డలో వడగట్టి వాడండి. పాలను పదేపదే కాచి మరగబెడితే కోవా వాసన వస్తుంది. స్టవ్ టీలో అది రుచి, ఇక్కడ అది అడ్డు.

కాచని ప్యాకెట్ పాల విషయం. అవి పాశ్చరైజ్ చేసినవే. డెయిరీ నుంచి ఇంటిదాకా చల్లదనం చెడకుండా వచ్చి, వెంటనే ఫ్రిజ్‌లోకి వెళ్లి, గడువు లోపల ఉంటే నేరుగా పోసుకోవచ్చు. ఎండలో గుమ్మం ముందు గంటసేపు పడి ఉన్న ప్యాకెట్‌ను మాత్రం కాచకుండా వాడకండి. పాలు పులుపు తిరగడం మొదలైతే ముక్కుకు తెలియకముందే వేడి టీలో పడగానే తరకలు తరకలుగా విరుగుతాయి.

ప్రశ్న: ఒక పాట్ పెడితే మొదటి కప్పు అద్భుతం. టిఫిన్ అయ్యాక రెండో కప్పు పోసుకుంటే కషాయం. ఫ్లాస్కులో పోస్తే ఏదో ఉడికిన వాసన. ఎలా?
– విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ

జవాబు: ఆకు నీళ్లలో ఉన్నంతసేపూ దిగుతూనే ఉంటుంది. మొదటి రెండు మూడు నిమిషాల్లో రంగు, కెఫీన్, సువాసన ముందుగా వస్తాయి. ఆ తర్వాత వచ్చేదంతా చాలావరకు వగరే. టీ నాణ్యత పరీక్షించే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 3103 లో 100 మి.లీ. నీళ్లకు 2 గ్రాముల ఆకు, 6 నిమిషాల సమయం అని ఉంటుంది. అది చదివి చాలామంది ఇంట్లో కూడా ఆరు నిమిషాలు ఉంచుతున్నారు. ఆ ప్రమాణం ఉన్నది ఒక టీని ఇంకో టీతో పోల్చడానికి, ఆకులోని మంచీచెడూ అంతా బయటపడేలా. తాగడానికి చెప్పిన కొలత కాదు.

మీరు చేయాల్సిందల్లా మొదటి కప్పు పోసేటప్పుడే మిగతాది కూడా వడగట్టి, వేడి చేసిన ఇంకో పాట్‌లోకి మార్చడం. దాని మీద మందపాటి గుడ్డ గానీ దూది నింపిన టీ కోజీ గానీ కప్పితే అరగంట బాగుంటుంది. కోజీని ఆకు ఉన్న పాట్ మీద కప్పితే కషాయం ఇంకా త్వరగా తయారవుతుంది. ఇంగ్లండులో రెండో పాట్ బదులు పక్కన ఒక జగ్గు వేడినీళ్లు పెట్టుకుని రెండో కప్పును పలచన చేసుకోవడం పాత అలవాటు. రంగు సరిపోతుంది గానీ వగరు పూర్తిగా తగ్గదు, కాబట్టి వడగట్టడమే మంచిది.

ఫ్లాస్కు వాసనకు రెండు కారణాలు. ఒకటి, గంటలకొద్దీ వేడిగా ఉంటే ఆకు లేకపోయినా టీ రంగు ముదిరి, రుచి చెడుతుంది. రెండు, మూత రబ్బరులో నిన్నటి పాల వాసన. ఫ్లాస్కులో పాలు కలపని టీ మాత్రమే, గంటకు మించకుండా ఉంచండి. రబ్బరు రింగు ఊడదీసి వేడినీళ్లలో వంట సోడా వేసి నానబెట్టండి. చల్లారిన టీని మళ్లీ మరిగించడం వద్దు.

ప్రశ్న: లండన్ ఈస్ట్ హామ్‌లో నలుగురం గది పంచుకుని ఉంటున్నాం. టీపాట్, త్రాసు ఏమీ లేవు. ఒక పెద్ద మగ్గు, కెటిల్, సూపర్ మార్కెట్ టీ బ్యాగులు. క్లాసుకు పరుగెత్తే ముందు ఐదు నిమిషాల్లో స్ట్రాంగ్ టీ కావాలి.
– ఒక విద్యార్థి

జవాబు: బ్రిటన్‌లో రోజువారీ అమ్మే బ్యాగుల్లో ఒక్కోదానిలో దాదాపు 3 గ్రాములు ఉంటుంది. మన దేశంలో అమ్మే చాలా బ్యాగుల్లో 2 గ్రాములే. పెట్టె మీద మొత్తం బరువును బ్యాగుల సంఖ్యతో భాగిస్తే తెలిసిపోతుంది. మీ మగ్గు 300 మి.లీ. దాకా పడితే ఒక బ్యాగు చాలదు. నిండా నీళ్లు పోసి బ్యాగును పది నిమిషాలు వదిలేస్తే వచ్చేది వగరు మాత్రమే. రెండు బ్యాగులు వేసి, మసిలే నీళ్లు 250 మి.లీ. పోసి, పైన సాసర్ మూతపెట్టి, రెండున్నర నిమిషాలు. ఒక్క బ్యాగే వాడాలనుకుంటే నీళ్లు 180 మి.లీ. దాటనివ్వకండి, 3 నిమిషాలు ఉంచండి. బ్యాగు తీసేశాకే పాలు.

తీసేటప్పుడు చెంచాతో మగ్గు గోడకు ఒక్కసారి తేలిగ్గా ఆనించండి, చాలు. గట్టిగా పిండితే ఆఖరి వగరు చుక్కలు, సన్నటి పొడి అన్నీ టీలోకి వస్తాయి. మగ్గులో నీళ్లు పోసి మైక్రోవేవ్‌లో కాచే అలవాటు మీ గదిలో ఎవరికైనా ఉంటే మాన్పించండి. పైన కాగి అడుగున చల్లగా ఉంటాయి. అంతకంటే ముఖ్యం, మరుగుతున్నట్టు కనిపించకుండానే మరుగు వేడిని దాటి, బ్యాగు వేయగానే ఒక్కసారిగా పైకి ఎగసి చేయి కాలే ప్రమాదం ఉంది.

లండన్ కుళాయి నీళ్లు బాగా కఠినం, తెట్టు సంగతి పైన మియాపూర్ జవాబులో చదవండి. ఫిల్టర్ జగ్గు ఒకటి నలుగురూ కలిసి కొనుక్కుంటే ఖర్చు పెద్దగా ఉండదు. హార్డ్ వాటర్ కోసం ప్రత్యేకంగా కలిపిన టీ యార్క్‌షైర్ టీ వాళ్ల దగ్గర దొరుకుతుంది, అదీ చూడవచ్చు. గ్లాస్గో, మాంచెస్టర్ వైపు ఉన్నవాళ్లకు నీళ్లు మెత్తన, అక్కడ ఇదే బ్యాగు ఇంకా బాగా దిగుతుంది.

ప్రశ్న: మన టిఫిన్లతో ఈ టీ కుదురుతుందా? లేక బ్రెడ్డు, గుడ్డుతోనే తాగాలా?
– నెల్లూరు

జవాబు: బాగా కుదురుతుంది, కానీ అన్నిటితో కాదు. ఇంగ్లిష్ బ్రేక్‌ఫస్ట్‌లో వెన్న రాసిన టోస్టు, గుడ్లు, బేకన్, సాసేజ్ వంటి కొవ్వు, ఉప్పు ఉన్న పదార్థాలుంటాయి. టీ వగరు ఆ జిడ్డును నోట్లోంచి కడిగేస్తుంది కాబట్టే అంత ఘాటు టీ అక్కడ స్థిరపడింది. అదే తర్కం మన పళ్లేనికి వేయండి. నెయ్యి వేసి కాల్చిన దోసె, జీడిపప్పు పడిన నెయ్యి పొంగలి, గారె, పూరీ, ఆమ్లెట్, ఉప్మా పెసరట్టు, వీటి పక్కన ఈ టీ చక్కగా ఉంటుంది. కొబ్బరి చట్నీ కూడా స్నేహమే.

తేడా వచ్చేది పులుపు, కారం దగ్గర. అల్లం పచ్చడి, టమాటా పచ్చడి, చింతపండు సాంబారు తిన్న నోటికి టీ వగరు రెట్టింపుగా తోస్తుంది, ఎందుకంటే పులుపు వగరును పెంచుతుంది. ఇక మిరపకారం నాలుక మీద మంట పుట్టించే నరాల దగ్గరే వేడి కూడా పనిచేస్తుంది. కారప్పొడి ఇడ్లీ తిని పొగలు కక్కే టీ తాగితే మంట రెండింతలవుతుంది. అలాంటి టిఫిన్ రోజు కప్పులో పాలు ఒక చెంచా పెంచి, టీని ఐదు నిమిషాలు ఆరనిచ్చి తాగండి. చక్కెర సంగతి మీ ఇష్టం. మానాలనుకునేవాళ్లు మాత్రం ముందు వగరు లేకుండా టీ పెట్టడం నేర్చుకోండి. టీ సరిగా దిగితే చక్కెర అవసరం దానంతటదే తగ్గుతుంది.

ప్రశ్న: నాకు రక్తహీనత ఉందని ఐరన్ మాత్రలు రాశారు. థైరాయిడ్ మాత్ర కూడా పొద్దునే. స్ట్రాంగ్ టీ మానేయాలా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: మానక్కర్లేదు, వేళ మార్చుకోవాలి. టీలోని పాలీఫినాల్స్ (వగరు పదార్థాలు) ఆకుకూరలు, పప్పులు, ధాన్యాల్లోని ఇనుమును పట్టుకుని ఒంటికి అందకుండా చేస్తాయి. శాకాహారులకు ఈ నష్టం ఎక్కువ. పాలు కలపడం వల్ల ఇది తప్పుతుందనుకోవద్దు. మన దేశంలో 15–49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాం. టిఫిన్‌తో కాకుండా టిఫిన్ అయిన గంట తర్వాత టీ తాగండి. ఐరన్ మాత్రకూ టీకీ మధ్య కనీసం గంట ఉండాలి. మాత్ర నిమ్మరసం నీళ్లతో వేసుకుంటే మేలు.

థైరాయిడ్ మాత్ర పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, 30 నుంచి 60 నిమిషాలు ఆగాకే టీ గానీ టిఫిన్ గానీ. రెండు మాత్రలకూ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి, ఏది ఎప్పుడన్నది మీ డాక్టరుతో రాయించుకోండి.

ఇదే ఉత్తరంలో గర్భిణి అయిన చెల్లెలి గురించి అడిగారు. రోజుకు మొత్తం కెఫీన్ 200 మిల్లీగ్రాములు దాటకూడదని బ్రిటన్ ఆరోగ్య సేవల సంస్థ ఎన్‌హెచ్‌ఎస్ చెబుతుంది. మామూలు మగ్గు టీకి 75 మిల్లీగ్రాములని లెక్క. మేం చెప్పిన కొలతతో పెట్టిన టీలో అంతకంటే ఎక్కువే ఉంటుంది కాబట్టి రోజుకు ఒక్క కప్పుతో ఆపాలి. ఆ రోజు కాఫీ కూడా తాగితే అదీ లెక్కలోకే వస్తుంది.

చిన్న ప్రశ్నలు

చల్లారిన టీ పాలు కలపకుండానే మబ్బుగా మారుతోంది, పాడైందా? (రాజమహేంద్రవరం) పాడవలేదు. కెఫీన్, టీ రంగు పదార్థాలు చల్లదనానికి జతకట్టి అలా కనిపిస్తాయి. మంచి అస్సాం ఆకులో ఇది ఎక్కువ, నిపుణులు దీన్ని మంచి గుర్తుగానే చూస్తారు. కాసిని వేడినీళ్లు పోస్తే తేటపడుతుంది.

వాడిన ఆకును రెండోసారి వాడవచ్చా? (ఒంగోలు) ఈ టీకి కుదరదు. చిన్న ముక్కలు కాబట్టి మొదటిసారే సారమంతా దిగిపోతుంది. కడిగి గులాబీ మొక్కలకు వేయండి, పాలు, చక్కెర అంటిన పిప్పి మాత్రం వేయకండి, చీమలు చేరతాయి.

డబ్బా తీసిన నెలకే వాసన పోతోంది. (కాకినాడ) సముద్రపు గాలి తేమ ఒక కారణం, డబ్బా ఎక్కడ పెట్టారన్నది రెండోది. టీ ఆకు పక్కనున్న వాసనలన్నీ పీల్చుకుంటుంది. పోపుల డబ్బా, ఇంగువ, మసాలాలున్న అలమరలో పెట్టకండి. ఫ్రిజ్ కూడా వద్దు, బయటికి తీసినప్పుడల్లా లోపల చెమ్మ పడుతుంది. గట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలో, స్టవ్‌కు దూరంగా పెట్టండి. వారానికి సరిపడా చిన్న డబ్బాలోకి తీసుకుని, పెద్దది మూసే ఉంచండి. చెంచా తడి లేకుండా చూసుకోండి.

పన్నెండు మందికి ఒకేసారి పెట్టాలి. (కర్నూలు) కప్పు 180 మి.లీ. చొప్పున నీళ్లు 2 లీటర్లు, గుళికలు 42 గ్రాములు. పెద్ద గిన్నెలో నీళ్లు మరిగాక స్టవ్ కట్టేసి ఆకు వేయండి. గిన్నె పెద్దదైతే వేడి ఎక్కువసేపు నిలిచి త్వరగా దిగుతుంది, అందుకే ఆకు మామూలు లెక్క కంటే కాస్త తగ్గించాం. సమయం కూడా రెండున్నర నిమిషాలే. పలచటి గుడ్డలో వడగడితే ఆకు పూర్తిగా ఆగుతుంది. ఆ గుడ్డను సబ్బుతో ఉతకకండి, వేడినీళ్లలో జాడించి ఎండలో ఆరేయండి. పాలు విడిగా జగ్గులో పెట్టి ఎవరికి వాళ్లను పోసుకోమనండి.

కెటిల్ అడుగున తెల్లగా సున్నం, కప్పుల్లో గోధుమ రంగు మరకలు. (అనంతపురం) కెటిల్‌లో లీటరు నీళ్లకు రెండు చెంచాల నిమ్మ ఉప్పు వేసి కాచి, అరగంట వదిలి పారబోయండి. తర్వాత రెండుసార్లు ఉత్త నీళ్లు కాచి పారబోయాలి, లేకపోతే మర్నాటి టీలో పులుపు తగిలి పాలు విరుగుతాయి. కప్పులకు తడి వంట సోడా వేలితో రుద్దితే చాలు. ఇనుప పీచు పెడితే పింగాణి మెరుపు గీతలు పడి, మరక ఇంకా త్వరగా పడుతుంది.